ఎవరూ రాయని ఒట్టు

మంగళవారం. ఉదయం ఏడుంపావు.

తోళ్లు పదును చేసే యోస్ట్ విడ్మర్ తన గుంటల దగ్గరే బోర్లా పడి ఉన్నాడు. తల వెనక భాగం లేదు. అక్కడ ఉన్నదల్లా ఎర్రటి ముద్ద. జుట్టేదో ఎముకేదో తెలియడం లేదు.

పక్కనే రాయి. రెండు చేతులూ వేస్తేగాని లేవదు. తోళ్లు నానే గుంట మీద చెక్కమూత కదలకుండా బరువుకి పెట్టేది.

విచారణాధికారి హార్ట్‌మన్ ఎగ్లి బురదలో కూర్చుని శవాన్ని వెల్లకిలా తిప్పాడు. యోస్ట్ పెదాల నిండా నల్లమట్టి. పళ్ళ సందుల్లో కూడా.

"మట్టికరిచాడు పాపం," అన్నాడు కావలి భటుడు.

ఎగ్లికి వైడెగ్ నగర సభ కింద పదహారేళ్ళుగా ఇదే పని. చచ్చినవాళ్ళ దగ్గర మాట్లాడకూడదని మొదటి ఏడాదే నేర్చుకున్నాడు.

యోస్ట్ టోపీ మూడడుగుల దూరంలో ఉంది. పొడి చెక్క మీద, బోర్లించి, శుభ్రంగా. దెబ్బ తిన్నవాడి టోపీ ఎగిరి ఎక్కడో పడాలి. దీన్ని ఎవరో తీసి పెట్టినట్టుంది.

రాయిని తిప్పాడు. ఒక వైపు మెదడూ నెత్తురూ. రెండో వైపు, అడుగంచున, ఇంకో చిన్న మరక. దాన్లో ఏదో అంటుకుని ఉంది. గోటితో గీరి చూశాడు.

అదీ గోరే. మనిషి గోరు. మొత్తంగా ఊడింది, కింద చర్మంతో సహా.

యోస్ట్ చేతులు పట్టి చూశాడు. పది వేళ్ళు, పది గోళ్ళు. ఒక్కటీ చెక్కు చెదరలేదు.

గోరుని రుమాలులో కట్టుకున్నాడు.

"ముందు చూసిందెవరు?"

"నేను," అన్నాడు గేటు దగ్గర నిలబడ్డ మనిషి.

ఫెలిక్స్ ఆమన్. జీనులు కుట్టే పనివాళ్ళందరికీ యజమాని. అంతకంటే ముఖ్యంగా సంఘపెద్ద. మందిరంలో పాస్టరు తర్వాత మాట అతనిదే. నల్లకోటు, తెల్లకాలరు, చేతులకి తోలు తొడుగులు. ఆదివారం బట్టలు మంగళవారం కూడా.

"ఎన్నింటికొచ్చారు పెద్దయ్యా?"

"ఆరున్నరకి. గంట కొట్టింది. విన్నాను."

"ఎందుకు?"

"తోలు చూసుకుందామని."

"ఎక్కడున్నారు అప్పుడు?"

"ఇక్కడే. గేటు బయట."

"ఏం విన్నారు?"

"ఒట్టు. ప్రభువు పేరు మీద ఘోరమైన ఒట్టు. వెంటనే దెబ్బ."

"ఎవరి గొంతు?"

"ఊలి బ్రెమ్. ఈ ఊళ్ళో ఇంకెవడయ్యా అలా ఒట్లు పెట్టేది?"

"చూశారా?"

"వీపు చూశాను. గోడ దూకి తెప్పల వైపు పారిపోయాడు."

"ఏ ఒట్టు పెట్టాడు? మాట చెప్పండి."

ఫెలిక్స్ అతని వైపు చెప్పుల కింద పేడని చూసినట్టు చూశాడు. "నా నోటితోనా?"

పక్కన రాసుకుంటున్న గుమస్తా నోవర్ తలెత్తాడు. "అది రాయక్కర్లేదండీ. ఎప్పుడూ రాసేదే రాస్తాను." రాశాడు: *ఘోరమైన ఒట్టు.*

ఎగ్లి కూడా దాన్ని అలాగే వదిలేశాడు. ఆ తప్పు అతనిదే.

*

ఊలి బ్రెమ్ దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. తోళ్ల గుంటలకి ముప్ఫై అడుగుల దూరంలో, తన తెప్ప మీద, దుప్పటి కప్పుకుని గురక పెడుతున్నాడు. చొక్కా మీద నెత్తురు. గోధుమరంగుకి తిరిగి, ఎండి, అట్ట కట్టిన నెత్తురు.

భటుడు కాలితో తన్ని లేపాడు.

"బొట్స్ చెమట! ఎవడ్రా అది! నిద్రపోయేవాణ్ణి తంతావా, బొట్స్ ఊపిరితిత్తులు!"

"యోస్ట్ విడ్మర్ని చంపారు," అన్నాడు ఎగ్లి.

ఊలి నోరు తెరుచుకునే ఉంది. మాట రాలేదు. వైడెగ్‌లో అలా జరగడం అదే మొదటిసారి.

"నీ చొక్కా మీద నెత్తురెవరిది?"

"ఆడిదే. యోస్ట్‌దే. రాత్రి సత్రంలో ఆడి ముక్కు మీద గుద్దాను."

"ఎందుకు?"

"నేల ముద్దు పెట్టుకోమన్నాడయ్యా! నేనేదో దేవుణ్ణి అన్నానంట! ఏమన్నాను నేను? బొట్స్ అన్నాను. గొట్స్ అన్లేదు. బొట్స్‌కి నేలెందుకు ముద్దెట్టుకోవాలి? ఇరవయ్యేళ్ళుగా ఈ ఏటి మీద తిరుగుతున్నాను, చట్టం నాకు తెలవదా? ఇదిగో ఈ అక్షరం మీదే నేను బతికున్నాను!"

అది నిజమే. దేవుడి పేరు గొట్. 'గొట్స్ గాయాలు' అంటే ఆయన గాయాల మీద ఒట్టు పెట్టినట్టు. దానికి నాలుక పోతుంది. మొదటి అక్షరం మార్చి 'బొట్స్ గాయాలు' అంటే అర్థం లేని మాట. పాస్టరు మొహం చిట్లిస్తాడు, అంతే. ఏటి మీద బతికే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. పొట్టకూటి కోసం ఒళ్ళు హూనం చేసుకునేవాడికి తిట్టుకోకపోతే ఊపిరాడదు. ఊపిరి పీల్చుకుంటూ నాలుక కాపాడుకోవాలంటే ఒక అక్షరం చాలు.

"చేతులు చూపించు."

ఊలి చూపించాడు. మోకులు లాగి లాగి అరిగిపోయిన చేతులు. నాలుగు గోళ్ళు సగమే ఉన్నాయి. ఒకటి పూర్తిగా లేదు.

"ఇది ఎప్పుడు పోయింది?"

"నాకేం గుర్తు? దుంగల మధ్య పడితే పోద్ది. మళ్ళీ వస్తది."

గుమస్తా నోవర్ గబగబా రాసుకున్నాడు.

గుంటల గోడకి అవతల, ఏటి మెట్ల మీద, బట్టలు ఉతికే ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. రెగులా, దొరతే. ఇద్దరూ గోడ మీదుగా ఒట్టు విన్నామన్నారు. ఆరున్నర గంట కొట్టాకే. దెబ్బ చప్పుడు కూడా విన్నామన్నారు.

"ఎవరు?"

"ఊలే కదండీ. పెద్దయ్యగారు చెప్పారుగా," అంది రెగులా.

నోవర్ రాశాడు: *ఘోరమైన ఒట్టు.* కింద ఇంకోసారి: *ఘోరమైన ఒట్టు.*

ముగ్గురు సాక్షులు. ఎండిన నెత్తురు. ఊడిన గోరు. రాత్రి జరిగిన కొట్లాట. సాయంత్రానికి సభ తేల్చేసింది. ఊలి బ్రెమ్ నేరం ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా తాడుతో చిత్రహింస. తర్వాత గురువారం పదకొండింటికి చేపల బజారులో ముందు నాలుక, ఆ తర్వాత తల.

*

బుధవారం. ఉదయం ఎనిమిది.

గోపురం కింది గదిలో ఐదుగురున్నారు. ఇద్దరు సభ్యులు, గుమస్తా నోవర్, తలారి వోల్మర్, ఎగ్లి. ఊలిని లెక్కలో వేసుకుంటే ఆరుగురు. కానీ ఆ గదిలో కట్టేసినవాణ్ణి ఎవరూ లెక్కలో వేసుకోరు.

చేతులు వెనక్కి కట్టారు. తాడు కప్పీ మీద వేశారు.

"ఎత్తు," అన్నాడు ఒక సభ్యుడు.

వోల్మర్ లాగాడు. ఊలి కాళ్ళు నేల వదిలాయి.

"బొట్స్ గాయాలు! అయ్యో! బొట్స్ గాయాలు, దించండయ్యా!"

"యోస్ట్‌ని చంపావా?"

"లేదు!"

దించారు. కాళ్ళకి చిన్న రాయి కట్టారు. మళ్ళీ ఎత్తారు. భుజాల కీళ్ళు మంచం కోళ్ళలా కిర్రుమన్నాయి. ఊలి మొహం నల్లబడింది. నోట్లోంచి చొంగ, దాంతోపాటే మాటలు. బొట్స్ రక్తం, బొట్స్ మేకులు, బొట్స్ ఎముకలు, బొట్స్ తల్లి.

"చంపావా?"

"నిద్రపోతన్నాను! ఎన్నిసార్లు చెప్పాలి!"

"పెద్ద రాయి."

వోల్మర్ ఎగ్లి వైపు చూశాడు. ఎగ్లి తలూపాడు. అది అతని ఉద్యోగం. ఆ తలూపుడు అతని ఒంట్లో ముల్లులా చచ్చేదాకా ఉంటుంది.

మూడోసారి ఎత్తారు. ఎడమ భుజం ముందు ఊడింది. తడికట్టె విరిగిన చప్పుడు. తర్వాత కుడిది.

"గొట్స్ గాయాలు!"

గది గోడలన్నీ ఆ మాటని తిరిగి అన్నాయి.

సభ్యులిద్దరూ ముఖాలు తిప్పుకున్నారు. నోవర్ కలం ఎలకలా కరకరలాడింది. "ఇదీ రాస్తున్నాను. విన్నారుగా. ఇది వేరే నేరం."

ఊలి తల వేలాడింది. స్పృహ పోయింది.

ఎగ్లి కళ్ళు ఊలి మీద ఉన్నాయి. చెవులు మాత్రం ఆ మాట మీదే ఉన్నాయి.

గొట్స్.

రెండు భుజాలూ ఊడేదాకా వీడి నాలుక అలవాటు మరవలేదు. మొదటి ఎత్తుకి బొట్స్. రెండో ఎత్తుకి బొట్స్. తాగి కొట్టుకున్నా బొట్స్. నిద్రలో తన్ని లేపినా బొట్స్. మరి గుంటల దగ్గర సాక్షులు విన్న 'ఘోరమైన ఒట్టు' ఏది?

"నోవర్. నిన్నటి రికార్డు ఇవ్వు."

చదివాడు. మూడు చోట్లా రెండే మాటలు. అవే రెండు మాటలు.

"ఇందులో ఒట్టు లేదేం?"

"ఎలా రాస్తానండీ? రాస్తే నేను పెట్టినట్టేగా. ఇరవయ్యేళ్ళుగా ఇంతే."

ఇరవయ్యేళ్ళు. ఇరవయ్యేళ్ళుగా నోళ్ళు కోస్తున్నారు, ఆ నోళ్ళు ఏమన్నాయో ఒక్క కాగితం మీద లేదు. పోయిన చలికాలం రొట్టెలమ్మే ఎల్స్ పొయ్యి మీద అరచెయ్యి కాల్చుకుని ఒక మాట అంది. ఫెలిక్స్ ఆమన్ విన్నాడు. సాక్ష్యం చెప్పాడు. వోల్మర్ ఎర్రగా కాల్చిన కమ్మీతో ఆమె నాలుక చీల్చాడు. ఆ రికార్డు మీద సంతకం ఎగ్లిదే. అందులో కూడా ఇదే: *ఘోరమైన ఒట్టు.*

"దించి కట్లు విప్పండి," అన్నాడు ఎగ్లి. "నీళ్ళు చల్లండి. నేనొచ్చేదాకా ఎవరూ వీణ్ణి ముట్టుకోకూడదు."

*

మధ్యాహ్నం రెండు. ఏటి మెట్లు.

రెగులా దుప్పటి పిండుతోంది. దొరతే రెండో కొస పట్టుకుంది. ఎగ్లిని చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"నిన్న విన్న మాట నాకు చెప్పాలి," అన్నాడు.

"విన్నామని చెప్పాంగా అయ్యగారూ."

"విన్నామని కాదు. మాట చెప్పండి. అక్షరం పొల్లుపోకుండా."

దొరతే దుప్పటి వదిలేసింది. "ఎల్స్‌ని చూశారా ఈమధ్య? పిల్లల్ని పేరెట్టి పిలవలేదు. చప్పట్లు కొడతది, కుక్కల్ని పిలిచినట్టు. మమ్మల్నీ అలా చేద్దామనా?"

"మీ నాలుకలు పోవు."

"మాటిస్తారా? మీ మాట ఎంత బరువుంటదో ఊలి భుజాలని అడగాలి," అంది రెగులా. "పొద్దున అరుపులు ఇక్కడిదాకా వినబడ్డాయి."

ఎగ్లి దెబ్బ తిన్నాడు. తినాల్సిందే. సర్దుకుని అన్నాడు.

"చట్టమేమంటుంది? ఒట్టు పెట్టినవాణ్ణి విన్నవాడు మందలించాలి. మందలిస్తే వాడు అక్కడికక్కడే మోకరించి నేల ముద్దు పెట్టుకోవాలి. పెట్టుకుంటే మొదటి తప్పు పోతుంది. అవునా? మీరు అనండి. నేను మందలిస్తాను. మీతోపాటు నేనూ మోకరిస్తాను."

రెగులా అతన్ని వింతగా చూసింది. "యోస్ట్ లాగానా?"

"యోస్ట్ లాగా అంటే?"

"తెలవదా? ఆ పిచ్చోడు ఎవర్ని మందలించినా తనూ పక్కన కూచునేవాడు. టోపీ తీసి పక్కన పెట్టి, ముందు తనే వంగి నేల ముద్దెట్టుకునేవాడు. అవతలోడికి సిగ్గనిపించకూడదంట. సత్రంలో ఊలి పక్కన కూడా అలాగే వంగాడు. ఊలి వంగలేదు. యోస్ట్ లేచాక గుద్దాడు."

ఎగ్లి గోడ అవతలి గుంటల వైపు చూశాడు.

టోపీ. పెదాల మీద మట్టి.

యోస్ట్ కొట్లాటలో చావలేదు. ఎవరి సిగ్గో పంచుకోవడానికి వంగాడు. వంగినవాడి తల మీద రాయి పడింది.

"ఇప్పుడు చెప్పు తల్లీ," అన్నాడు.

రెగులా అటూ ఇటూ చూసింది. అతని చెవి దగ్గరికి వంగింది.

"గొట్స్ గాయాలు."

"బొట్స్ కాదూ?"

"బొట్స్ అయితే తల కూడా తిప్పేవాళ్ళం కాదు. ఊలి పొద్దస్తమానం అంటాడు, ఎవరిక్కావాలి? ఇది వినేసరికి నా చేతిలో గుడ్డ జారి ఏట్లో పోయింది. పాస్టరుగారి తలగడ గలీబు. ఇంకా దొరకలేదు."

"నువ్వు?" అన్నాడు దొరతేతో.

"అదే మాట," అంది దొరతే. "గొట్స్ గాయాలు."

"ఎలా అన్నాడు? కోపంగానా?"

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"కాదు," అంది దొరతే నెమ్మదిగా. "నొప్పితో. ఎల్స్ అన్నట్టే."

"ఆ తర్వాత దెబ్బ ఎంతసేపటికి?"

"కాసేపటికి. మధ్యలో ఎవరో ఏదో మాట్లాడారు, మెల్లిగా. రెండు దుప్పట్లు జాడించేంత సేపు."

ఎగ్లి టోపీ తీశాడు. "ఇద్దరినీ మందలిస్తున్నాను. దేవుడి పేరు వృథాగా వాడారు." మోకాళ్ళ మీద వంగి, తడి మెట్టుని ముందు తనే ముద్దు పెట్టుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ అతని పక్కన వంగారు. మెట్టు మీద సబ్బు రుచి, ఏటి బురద రుచి.

*

గురువారం. ఉదయం తొమ్మిది. సభా మందిరం.

చేపల బజారులో తల నరికే చెక్క అరుగుకి మేకులు దిగుతున్న చప్పుడు కిటికీలోంచి వస్తోంది. పదకొండుకి రెండు గంటల టైముంది.

బల్ల వెనక నగర పెద్ద, ఇద్దరు సభ్యులు. కొసన నోవర్. కుర్చీలో ఫెలిక్స్ ఆమన్. గోడ దగ్గర నిలబడి రెగులా, దొరతే. ఊలిని చెక్క మీద మోసుకొచ్చారు. చేతులు శరీరానివి కానట్టు వేలాడుతున్నాయి. వెనక వోల్మర్.

"తొందరగా," అన్నాడు నగర పెద్ద. "జనం వచ్చేశారు."

"హంతకుడు ఊలి కాదు," అన్నాడు ఎగ్లి.

"సాక్షులు విన్నారు."

"విన్నారు. ఏం విన్నారో మనం అడగలేదు. ముగ్గురిచేతా 'ఘోరమైన ఒట్టు' అని రాయించుకుని సంతృప్తి పడ్డాం. నేను నిన్న అడిగాను. ఈ ఆడవాళ్ళు విన్నది బొట్స్ కాదు. అసలు పేరు."

"అయితే ఏంటి? వాడు అసలు పేరే అన్నాడు," అన్నాడు ఒక సభ్యుడు.

"ఎప్పుడన్నాడు? మీరు నిన్న గదిలో ఉన్నారు. వాడి రెండు భుజాలూ ఊడాక అన్నాడు. అప్పటిదాకా ఎన్నిసార్లు అరిచాడు? నేను లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. ముప్ఫై ఒక్కసార్లూ బొట్స్. రోజూ తిట్టేవాడి నోటికి తప్పించుకునే దారి అలవాటు. నిద్రలో కూడా అదే దారిన పోతాడు. మరి అసలు పేరు ఠక్కున ఎవడి నోట్లోంచి ఊడిపడుతుంది?"

ఎగ్లి ఫెలిక్స్ కుర్చీ వైపు తిరిగాడు.

"ఎన్నడూ తిట్టనివాడి నోట్లోంచి. బొట్స్ అనడం నేర్చుకునే అవసరమే రాని మహానుభావుడి నోట్లోంచి."

ఫెలిక్స్ నవ్వాడు. "ఒక్క అక్షరం మీద మనిషి తల తీస్తారా విచారణాధికారిగారూ?"

"ఒక్క అక్షరం మీదే కదా పెద్దయ్యా ఎల్స్ నాలుక చీల్చింది."

నవ్వు ఆగింది.

ఎగ్లి రుమాలు విప్పి గోరు బల్ల మీద పెట్టాడు. "ఇది రాయి అడుగంచున దొరికింది. అంటే రాయి ఎవరి వేళ్ళ మీదో పడింది. యోస్ట్ వేళ్ళు బాగున్నాయి. నేను ఊలి చేతులు చూశాను. ఎందుకంటే పేదవాడి చేతులు చూడమని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. గేటు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి చేతులు చూడాలని నాకు తోచలేదు. మంగళవారం నుంచీ ఆ తొడుగులు తీయలేదు పెద్దయ్యా మీరు. తీయండి."

"ఇది సభ. నేను సంఘపెద్దని. చలిగా ఉంది."

"మర్యాద, ఎగ్లీ," అన్నాడు నగర పెద్ద.

"తీయండి."

"తీయను."

బల్ల మీద చట్టాల పుస్తకం ఉంది. చెక్క అట్ట, ఇత్తడి మూలలు, పసిబిడ్డంత బరువు. ఎగ్లి ఎడమచేత్తో ఫెలిక్స్ కుడి మణికట్టు పట్టి బల్లకేసి అదిమాడు. కుడిచేత్తో పుస్తకం ఎత్తాడు. ఇత్తడి మూల కిందికి వచ్చేలా దించాడు.

"గొట్స్ గాయాలు!"

అరుపు కిటికీ దాటింది. బయట మేకుల చప్పుడు ఆగిపోయింది.

రెగులా గోడని ఆనుకుంది. "అదే," అంది. "అదే గొంతు. అదే మాట."

తొడుగు కొసల్లోంచి నెత్తురు కారుతోంది. ఎగ్లి లాగి పారేశాడు. మధ్యవేలు నల్లగా, వంకాయలా వాచి ఉంది. చూపుడు వేలికి గోరు లేదు.

ఫెలిక్స్ ఏడవడం మొదలుపెట్టాడు. చెయ్యి నొప్పికి కాదు. తన నోరు చేసిన పని తన చెవులే విన్నందుకు.

"మూత నేనే ఎత్తాను," అన్నాడు. "తోలు చూద్దామని. రాయి జారింది. నలభై తొమ్మిదేళ్ళు. ఒక్కసారి కూడా... ఎక్కణ్ణించొచ్చిందో తెలీదు నాకు. లోపల ఉన్నట్టే తెలీదు."

"యోస్ట్ ఏమన్నాడు?"

"'ఏం పర్లేదు పెద్దయ్యా, ఇద్దరం వంగుదాం' అన్నాడు. టోపీ తీశాడు. వంగాడు. నేల ముద్దు పెట్టుకుని అలాగే ఉన్నాడు, నాకోసం. నేనూ ఒక మోకాలు వంచాను. అప్పుడు ఎల్స్ గుర్తొచ్చింది. నేను వంగి లేస్తే, ఆమె కూడా వంగి లేవాల్సింది కదా అని. ఆ రోజు నేను మందలించలేదు. సరాసరి సభకే వచ్చాను."

"వాడు ఎవరికీ చెప్పేవాడు కాదే," అంది దొరతే.

"వాడికి తెలుసు కదా!" అని అరిచాడు ఫెలిక్స్. "ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని నా మొహంలోకి చూస్తాడు. జాలిగా చూస్తాడు. ఒక తోళ్లవాడు! నా మీద జాలి!"

వోల్మర్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

నగర పెద్ద ముఖం తుడుచుకున్నాడు. "తీసుకెళ్ళు. కత్తి. ఇవాళే." గొంతు సవరించుకున్నాడు. "ఊలి బ్రెమ్ హత్య చేయలేదు. రాసుకో, నోవర్."

"రాశానండీ. అయితే..." నోవర్ కాగితం తిప్పాడు. "నిన్న గదిలో దైవదూషణ ఉంది. సభ్యులిద్దరూ విన్నారు. దానికి నాలుక."

"అది చట్టం," అన్నాడు ఒక సభ్యుడు.

ఊలి కళ్ళు మూసుకున్నాడు.

ఎగ్లి వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"సరే. చట్టమే చదువుదాం. విని మందలించనివాడు అన్నవాడితో సమానం. రెండో పేజీ. నిన్న గదిలో విన్నది ఐదుగురం. ఒక్కడూ ఊలిని నేల ముద్దు పెట్టుకోమనలేదు. నేను కూడా. ఇందాక ఈ గదిలో ఫెలిక్స్ ఆమన్ అన్నది ఎంతమంది విన్నాం? మీరు, ఈ ఇద్దరు సభ్యులు, నోవర్, వోల్మర్, ఊలి, ఈ ఆడవాళ్ళు, నేను. తొమ్మిదిమంది. ఎవరు మందలించారు? చెప్పండి. ఎవరు?"

ఎగ్లి బల్ల కొసకి వేలు చూపించాడు.

"నోవర్. పేర్లు రాయి. ముందు నాది. తర్వాత నగర పెద్దగారిది. వోల్మర్ కమ్మీ వేడిగానే ఉంది. ఊలితో మొదలెడితే మనందరితో ముగించాలి. లేకపోతే ఇప్పుడే చెప్పండి, ఈ చట్టం చెక్క మీద పడుకున్నవాడికేగాని కుర్చీలో కూర్చున్నవాడికి కాదని. అదీ రాద్దాం. పదకొండింటికి చేపల బజారులో చదువుదాం."

నగర పెద్ద ఎగ్లి వైపు తిరిగాడు.

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీ."

"తాళాలు బల్ల మీద పెట్టు."

ఎగ్లి పెట్టాడు. తలుపు దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు.

నగర పెద్ద నోవర్ వైపు చెయ్యి చాపాడు. కాగితం తీసుకున్నాడు. నిన్నటి తేదీ కింద ఉన్న ఆఖరి వాక్యం మీద చాకు పెట్టి గీకాడు. సిరా పొడిగా రాలింది. ఊదాడు.

"పొమ్మను," అన్నాడు.

ఎగ్లి తలుపు వదిలాడు. బయటున్న భటులు వచ్చి చెక్క ఎత్తారు. రెగులా, దొరతే వెనకే నడిచారు. మెట్లు దిగేసరికి బజారు నిండా జనం. అరుగు చుట్టూ భుజం భుజం రాసుకుంటున్నారు. ఎవరి తల పోతుందో ఇంకా తెలియదు వాళ్ళకి. తెలిసినా వచ్చేవాళ్ళే.

ఊలిని పంపు పక్కన నీడలో దించారు. ఎగ్లి అతని తల దగ్గర కూర్చున్నాడు. ఏమైనా చెప్పాలనుకున్నాడు. తలూపినవాడు ఏం చెబుతాడు?

ఊలి కళ్ళు తెరిచాడు. పెదాలు పగిలి ఉన్నాయి. నాలుక బయటికి పెట్టి వాటిని తడుపుకున్నాడు, నెమ్మదిగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"నీళ్ళు," అన్నాడు.

రెగులా దోసిలి పట్టింది. అతని చేతులు లేవవు కాబట్టి తనే నోటి దగ్గర పెట్టింది. సగం గడ్డం మీద కారింది. సగం లోపలికి పోయింది.

"ఇంకా," అన్నాడు ఊలి.